డ్రూడు రహస్యము: అపరాధి నిర్ణయము

ఆంగ్ల నవలాకారుఁడు చార్లెస్ డికెన్సు 1870 జూను 9వ తేదీని మృతి నొందునప్పటికి ‘ఎడ్విన్ డ్రూడు రహస్యము’ అను కథ సగముకంటె ముందునకు సాగలేదు. పండ్రెండు మాసిక సంచికలుగా వెలువడవలసిన దానిలో ఆఱు మాత్రమే లోకమునకు దక్కినవి. క్లాయిస్టర్‌హామను పట్టణమునఁ గ్రిస్మసు ముందటి రాత్రి పిదప ఎడ్విన్ డ్రూడను యువకుఁడు కానరాకుండఁ బోవును. శవము దొరకదు. అతని మేనమామ జాన్ జాస్పరు దేవాలయ గాయకుఁడు, నల్లమందునకు దాసుఁడు, మేనల్లునకు నిశ్చయింపఁబడిన కన్యపై మనసు నిలిపినవాఁడు. కొన్నాళ్లకు డాచరీ యను తెల్లజుట్టు పరదేశి యొకఁడు వచ్చి, జాస్పరు వాకిటి కడనే బస కుదుర్చుకొని, యతని రాకపోకలు గనిపెట్టుచుండును. అంతటితోఁ గలము నిలిచినది.

నాఁటినుండి పాఠకులును బండితులును కథాశేషమును దమ తమ బుద్ధిబలముచేఁ బూరించుచునే యున్నారు. మన భారతమున అరణ్యపర్వశేషమును బూరించిన యెఱ్ఱనకు ఇట్టి చిక్కు లేదు. అచట కథ వ్యాసునియం దున్నది. డ్రూడు కథకు మూలము డికెన్సు మనస్సు మాత్రమే. 1887లో ప్రాక్టరు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడు డ్రూడు చావలేదనియు, డాచరీ యతఁడే యనియు వాదించెను. 1905లో కమింగ్ వాల్టర్సు, డాచరీ పురుషుఁడే కాఁడు, హెలీనా లాండ్లెస్సను కన్య మాఱువేషమున వచ్చినదనెను. 1914లో లండనునందు సాహిత్యపరులు వినోదార్థము జాస్పరుపై న్యాయవిచారణయే నడపిరి. చెస్టర్టను న్యాయాధిపతి, బెర్నార్డు షా జూరీ పెద్ద. జూరీవారు బుద్ధిపూర్వకమైన హత్య కాదు, దానికంటెఁ దక్కువ నేరమని చెప్పఁగా, చెస్టర్టను తాను దప్ప సభవారి నెల్ల న్యాయస్థాన ధిక్కారమునకు శిక్షించెను. ఈ వివాదమునఁ బుట్టిన తీర్పులలో నిది యంత యనుచితమైనది కాదు.

పై వాదములలో వాల్టర్సుది బలమైనది. హెలీనా బాల్యమున మగవేషముతోఁ బాఱిపోయెడిదని గ్రంథముననే యున్నది. డాచరీ తెల్లజుట్టునకును నల్లని కనుబొమలకును బొత్తు కుదురదు; కాఁబట్టి యది వేషమే కావచ్చును. కాని వేషమని తేలినంతమాత్రమున వేషధారి హెలీనా యని యెట్లు తేలును? ఆ హేతువు పలువురియందు వర్తించును. తార్కికులు దీనినే అనైకాంతికమందురు.

1930లో డఫీల్డను నతఁడు జాస్పరు ఠగ్గుల సంప్రదాయమువాఁడనియు, మేనల్లుని భవానికి బలిగా నుఱికంఠముచేఁ జంపెననియు వ్రాసెను. ఈ వాదమునకుఁ బెద్ద విమర్శకుల యాదరము లభించినది గాని, హిందూదేశపుఁ బాఠకుఁడు దీనిని విని యూరకుండరాదు. ఠగ్గులు గుంపులుగా బాటసారులతోఁ గలిసి, నమ్మించి, ధనమునకై చంపి, పాతిపెట్టువారు. జాస్పరు ఒంటరి, అతనిఁ బురికొల్పినది యీర్ష్య. నల్లని పొడవైన కంఠవస్త్రము గ్రంథమునఁ గలదు, నిజమే. భవాని పేరు మాత్రము లేదు. కంఠవస్త్రము దాల్చిన ప్రతివాఁడును ఠగ్గగునేని, చలికాలమున నింగ్లండునందు ఠగ్గు కానివాఁ డెవఁడు?

ఇఁక నాప్తవాక్యము. కథ మేనల్లుని మేనమామ చంపుటయే యని డికెన్సు మిత్రుఁడును జీవితచరిత్రకారుఁడునగు ఫార్‌స్టరు వ్రాసెను. కంఠవస్త్రమంత పొడవేల యని తానడుగఁగా, దానితోడనే చంపవలసియున్నదని గ్రంథకర్త చెప్పెనని చిత్రకారుఁడు ల్యూక్ ఫిల్డ్సు 1905లోఁ దెలిపెను. వేర్వేఱు కాలములఁ బలికిన యీ సాక్షు లిరువురు నేకీభవించుచున్నారు. 1964లో జాస్పరు నిర్దోషియని వాదించిన ఎయిల్మరు వీరి నిరువురిని ద్రోసిపుచ్చవలసి వచ్చినది.

అట్లయిన నీ కథలో దాఁగిన దేమి? చెఱసాలలో హంతకుఁడు తన బ్రదుకును, ప్రలోభమునకు లోనైనవాఁడు వేఱొకఁడో యన్నట్లు చెప్పుకొనుటయే యీ నవలకు నవ్యతయని ఫార్‌స్టరే చెప్పెను. దుష్టుఁ డెవఁడని వెదకినవారు, ఆ దుష్టుఁడు తనకుఁ దానే మఱుఁగగుటను జూడలేదు.

డికెన్సు వ్రాసిన చివరి యధ్యాయాంతమున డాచరీ యలమారు తలుపుపై నొక పెద్ద సుద్దగీఁత గీసి భోజనమునకుఁ గూర్చుండును. అందఱి చూపు నా గీఁతమీఁదనే. అదే యధ్యాయమున నంతకు ముందు, లండనులోని నల్లమందు కొట్టున మత్తుగొన్న జాస్పరు అచటి ముసలిదానితో మాటలాడును. తన తలంపును మొదటఁ దనదిగాఁ జెప్పఁడు. ఆమె మనస్సుననే యొక పని యున్నట్లు కల్పించి, దానిని మత్తులో నూహించి చేయుదువా యని యామె నడుగును; ఆమె యౌననిన పిదపఁగాని తానును నట్లే చేసితినని యొప్పుకొనఁడు.