పరపతి, పూచీ, దివాలా: మాక్స్ వెబర్ మతశాఖల వ్యాసానికి ఒక పునఃపఠనం

వ్యాససంగ్రహం: మతనిష్ఠ బలంగా ఉన్న పేద ప్రాంతాల్లో వ్యక్తిగత దివాలాలు ఎక్కువన్న వాదన అమెరికా దక్షిణ రాష్ట్రాల విషయంలో తరచు వినిపిస్తుంది. మాక్స్ వెబర్ మతశాఖల వ్యాసం వెలుగులో ఆ వాదనను పరిశీలించి, మతానికీ దివాలాకూ ఉన్న సంబంధాన్ని విశ్వాసంలో కాక పూచీలో వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మాక్స్ వెబర్, మతశాఖ, పరపతి, పూచీ, దివాలా, జీతం జప్తు.

1. చెరువుగట్టు మీద

1904లో సెయింట్ లూయిస్ విద్వత్సభకు వెళ్లిన వెబర్, ఆ పర్యటనలోనే నార్త్ కరోలినాలో స్థిరపడిన బంధువుల ఇంటికి వెళ్లాడు. అక్టోబరు ఆదివారం, కొండప్రాంతపు చెరువు, బాప్టిస్టుల బాప్తిస్మం. చలికి వణుకుతూ నీళ్లలోనుంచి లేచిన ఒక యువకుణ్ణి చూసి, పక్కనున్న బంధువు తాను ఇది ముందే అనుకున్నానన్నాడు. ఎందుకని అడిగితే, అతడు దగ్గరి పట్టణంలో బ్యాంకు పెట్టబోతున్నాడని జవాబు. ఒక బ్యాంకుకు సరిపడినంతమంది బాప్టిస్టులు అక్కడ లేరు. ఆ అవసరమూ లేదు. సంఘం చేర్చుకున్న మనిషిని ఆ ప్రాంతమంతా నమ్ముతుంది. ఎందుకంటే చేర్చుకునే ముందు సంఘం అతని నడవడిని చిన్ననాటినుంచి ఆరా తీస్తుంది: తాగుడు, పేకాట, నాట్యం, గడువుకు తీర్చని బాకీలు.

1906లో తొలిరూపంలో వెలువడి 1920లో విస్తృతమైన ఈ వ్యాసాన్ని సాధారణంగా 'ప్రొటెస్టెంటు నీతి' గ్రంథానికి అనుబంధంగా చదువుతారు. అలా చదవడం వల్ల దాని ప్రత్యేకత మరుగున పడుతోంది. ఆ గ్రంథం విశ్వాసి అంతరంగాన్ని చర్చిస్తే, ఈ వ్యాసం అతని పరపతిని చర్చిస్తుంది. తెలుగులో 'పరపతి' అంటే పలుకుబడి, అప్పు పుట్టే స్థితి కూడా. సహకార పరపతి సంఘాల పేరులో ఉన్నది ఆ రెండో అర్థం. వెబర్ అనేక పుటల్లో వివరించిన బంధాన్ని ఈ ఒక్క మాట తనలో ఇముడ్చుకుంది. ఆయన దృష్టిలో చర్చి అనేది పుట్టుకతో లభించే సభ్యత్వం. మతశాఖ యోగ్యులను ఎంచి చేర్చుకునే సంఘం. ఎంపిక ఉన్నది గనుకనే ఆ సభ్యత్వం యోగ్యతాపత్రంగా చెల్లింది. అంతేకాదు, సభ్యుడు తన తప్పు లేకుండా ఇబ్బందిలో పడితే, ఋణదాతలకు హామీ ఇచ్చి అతని వ్యవహారాలను చక్కబెట్టే బాధ్యతను కూడా శాఖ తీసుకునేది. మరోవైపు 18వ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లు దివాలా తీసిన సభ్యులను సంఘంనుంచి వెలివేసేవారు. ఆదుకోవడం, వెలివేయడం రెండూ ఒకే పూచీకి రెండు పార్శ్వాలు.

2. కొండకు అటూ ఇటూ

టెనెస్సీ, అలబామా, జార్జియా, మిసిసిపీ రాష్ట్రాలు దశాబ్దాలుగా జనాభా నిష్పత్తిలో వ్యక్తిగత దివాలాలు అత్యధికంగా నమోదయ్యే రాష్ట్రాల సరసన ఉన్నాయి. చర్చికి వెళ్లేవారు అత్యధికంగా ఉన్నదీ, పేదరికం బలంగా ఉన్నదీ ఆ ప్రాంతమే. ఇక్కడినుంచి ఒక సులభమైన నిర్ధారణకు దారి పడుతుంది: దశమభాగపు కానుకలు, దేవుడే చూసుకుంటాడన్న ధీమా కలిసి మనిషిని అప్పులపాలు చేస్తున్నాయని. ప్రాంతపు సగటునుంచి వ్యక్తి గుణాన్ని తీయడంలోని దోషాన్ని డబ్ల్యు.ఎస్. రాబిన్‌సన్ 1950లోనే నిరూపించాడు. అయినా ఆ తర్కం చావలేదు.

అది ఎక్కడ కూలిపోతుందో చూడాలంటే వెబర్ నిలబడిన చోటికే తిరిగి వెళ్లాలి. నార్త్ కరోలినా ఈనాటికీ బాప్టిస్టుల రాష్ట్రమే, కాని ఇటీవలి కాలంలో అక్కడి దివాలాల రేటు జాతీయ సగటుకంటే తక్కువ. కొండలు దాటి టెనెస్సీలో అడుగుపెడితే అదే బైబిలు, అవే కీర్తనలు, అదే తరహా ప్రసంగాలు. దివాలాల రేటు మాత్రం దేశంలోనే అగ్రశ్రేణిలో ఉంది. తేడా దైవశాస్త్రంలో లేదు, జీతాల చట్టంలో ఉంది. నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, టెక్సస్ రాష్ట్రాల్లో సాధారణ ఋణదాత బాకీదారు జీతాన్ని జప్తు చేయించుకోవడం దాదాపు సాధ్యం కాదు. టెనెస్సీ, జార్జియా, అలబామాలలో సాధ్యం. జీతం చేతికి రాకముందే కోత పడుతున్న మనిషికి దివాలా కోర్టు ఒక్కటే ఆశ్రయం. రాష్ట్రాల మధ్య వ్యత్యాసాన్ని వివరించడంలో జప్తు చట్టాల పాత్ర ఎంత ముఖ్యమో లార్స్ లెఫ్‌గ్రెన్, ఫ్రాంక్ మెకిన్‌టైర్ 2009 నాటి పరిశోధనలో చూపారు.

పేదరికాన్ని మాత్రమే కారణంగా చెప్పినా చిక్కే. మోర్మన్లు అధికంగా ఉన్న యూటా పేద రాష్ట్రం కాదు. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో అక్కడి దివాలాల రేటు దేశంలో అత్యధికాల్లో ఒకటి.

3. పూచీనుంచి కానుకకు

కార్మికుడు తన జీతంలోనుంచే విడతలవారీగా బాకీ తీర్చే పద్ధతి 1930లలో అలబామాలోని బర్మింగ్‌హామ్ కోర్టులో రూపుదిద్దుకుంది. మెంఫిస్‌కు చెందిన ప్రతినిధి వాల్టర్ చాండ్లర్ పేరిట వచ్చిన 1938 చట్టం దాన్ని దేశవ్యాప్తం చేసింది. నేటి దివాలా చట్టంలోని 13వ అధ్యాయం దాని వారసత్వమే. ఇందులో 3 నుంచి 5 ఏళ్లపాటు చెల్లింపులు సాగాలి. 7వ అధ్యాయంలో మినహాయింపు లేని ఆస్తి పోయినా, చాలా బాకీలు త్వరగా రద్దవుతాయి. చేతిలో వకీలు ఫీజు లేనివాడు, ఆ ఫీజును కూడా వాయిదాల్లో కట్టే వీలున్న 13వ అధ్యాయానికే చేరుతుంటాడు. నల్లజాతి ఋణగ్రస్తులు ఈ అధ్యాయాన్ని ఆశ్రయించే రేటు ఇతరులకంటే దాదాపు రెట్టింపని జీన్ బ్రాచర్, డవ్ కోహెన్, రాబర్ట్ లాలెస్ 2012లో తేల్చారు. మెంఫిస్‌లోని నల్లజాతి బాప్టిస్టూ, చెరువులోనుంచి లేచిన ఆ యువకుడూ ఒకే శాఖకు చెందినవారు. ఆ సభ్యత్వం యువకుడికి డిపాజిట్లు తెచ్చింది. మెంఫిస్ మనిషికి అప్పు ఇచ్చేవాడు సంఘాన్ని అడగడు, క్రెడిట్ స్కోరును అడుగుతాడు. వెబర్ చూపు వర్తకుల మీద, వృత్తినిపుణుల మీద నిలిచింది. ఆస్పత్రి బిల్లు కోసం అప్పు చేసే కూలి ఆయన సిద్ధాంతంలో చోటు దొరకని మనిషి.

పూచీ పడే పాత్ర పోయాక సంఘానికి మిగిలింది ఏమిటి? ఒకటి సాయం: మోర్మన్లు 1936లో మొదలుపెట్టిన సంక్షేమ కార్యక్రమం వంటివి. రెండోది కానుక. మినసోటాలో ఒక జంట దివాలాకు ముందు ఏడాదిలో తమ చర్చికి ఇచ్చిన 13,450 డాలర్లను ఋణదాతల కోసం వెనక్కి రాబట్టాలని ట్రస్టీ దావా వేశాడు. క్రిస్టల్ ఎవాంజెలికల్ ఫ్రీ చర్చి కేసుగా పేరుపొందిన ఈ వివాదం ఏళ్లపాటు నలిగింది. చివరికి చర్చే గెలిచింది. 1998లో కాంగ్రెసు చేసిన చట్టం వార్షికాదాయంలో 15 శాతం వరకూ కానుకలకు రక్షణ ఇచ్చింది. బాకీదారు తరఫున ఋణదాతకు హామీ ఇచ్చిన సంఘం, ఇప్పుడు బాకీదారు సొమ్ము విషయంలో ఋణదాతకు ప్రత్యర్థిగా నిలిచింది. దశమభాగం మీద సాగే చర్చల్లో ఎక్కువ భాగం విశ్వాసి మూర్ఖుడా కాదా అన్నచోటే ఆగిపోవడం విచారకరం. పరిశీలించవలసింది ఈ స్థానభ్రంశాన్ని.

4. ఐ.పి.

తెలుగునాట దివాలాకు వాడుకలో ఉన్న 'ఐ.పి. పెట్టడం' అనే పలుకుబడి ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాటనుంచి వచ్చింది. చట్టం ఇచ్చిన రక్షణ పేరు ఇక్కడ నిందగా మారింది, ఐ.పి. పెట్టినవాడి అప్పుతోపాటు మాట కూడా పోతుంది. వెబర్ చూసిన పూచీకి దైవం లేని రూపం ఆంధ్రప్రదేశ్ సూక్ష్మఋణ బృందాల్లో కనిపించింది. ఒకరి వాయిదాకు తక్కినవారు జవాబుదారీ. కష్టంలో పడిన సభ్యురాలి పక్షాన ఋణదాతతో మాట్లాడే సంఘం మాత్రం లేదు. వసూళ్ల ఒత్తిడి మీద 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరులో అమలులోకి వచ్చినప్పుడు, అది వర్తించింది కంపెనీల అప్పులకు వ్యక్తిగతంగా పూచీ పడినవారికి మాత్రమే.