సదిశల సంకలనం – తెలుగు పరిభాష: కోటప్పకొండ ప్రభ ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

శాస్త్ర పరిభాషను సాహిత్య విమర్శ సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. పదాన్ని కల్పించడం నిఘంటుకారుల పనిగా, దాన్ని బోధపరచడం ఉపాధ్యాయుల పనిగా మిగిలిపోతుంది. ఈ రెండింటి నడుమ నష్టపోయేది తెలుగు మాధ్యమ విద్యార్థి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత ఉన్నత స్థాయి విజ్ఞానశాస్త్ర గ్రంథాలు తెలుగులో విరివిగా వెలువడ్డాయి. ఆ పరిభాషలో సదిశల సంకలనానికి సంబంధించిన మూడు పదాల శక్తిని, పరిమితిని నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ తిరునాళ్ల ప్రభ ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మూడు పదాలు

మొదటిది 'సదిశ'. పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి అని పదమే చెబుతుంది. దానికి జంటగా 'అదిశ' ఉంది. నిర్వచనం మరచిన విద్యార్థి కూడా ఈ జంట నుంచి అర్థాన్ని తిరిగి రాబట్టుకోగలడు. ఇది సార్థక నిర్మాణం.

రెండవది 'విభేదనం'. ఒక సదిశను పరస్పరం లంబంగా ఉన్న రెండు సదిశలుగా మార్చి చూపడం దీని ఉద్దేశం. అయితే వ్యవహారంలో విభేదం అంటే పొరపొచ్చం, పడకపోవడం. ఇక్కడ జరిగేది అందుకు విరుద్ధం. విడదీసిన రెండూ కలిసి మూల సదిశ చేసే పనినే చేస్తాయి.

మూడవది 'అంశం'. సులభంగా కనిపించే ఈ పదమే ఎక్కువ ప్రమాదకరం. అంశం అంటే వాటా. ఆస్తిలోని వాటాలన్నీ కూడితే మొత్తం ఆస్తి రావాలి. 100 ప్రమాణాల బలాన్ని 30 డిగ్రీల కోణం వద్ద విడదీస్తే వచ్చే అంశాలు 86.6, 50. వీటి మొత్తం 136.6. మొత్తం కంటే వాటాలు పెరగడం చూసి విద్యార్థి తికమకపడితే, ఆ దోషం అతని తెలివిది కాదు, పదానిది. ఈ అంశాలు లంబకోణ త్రిభుజపు రెండు భుజాలు. వాటి వర్గాల మొత్తమే కర్ణపు వర్గానికి సమానం.

ప్రభలోని గణితం

మహాశివరాత్రికి త్రికోటేశ్వరుని సన్నిధికి తరలివచ్చే ఎత్తైన ప్రభలు ఒరగకుండా ఇరువైపులా తాళ్లు పట్టి నిలుపుతారు. రెండు తాళ్లు ప్రభకు ఒకే ఎత్తున, ఎదురెదురుగా కట్టి ఉన్నాయనుకుంటే, కుడి తాడు నేలతో 30 డిగ్రీలు, ఎడమ తాడు 60 డిగ్రీలు చేస్తున్నాయనుకుందాం. కుడివైపు లాగే బలం 100 ప్రమాణాలు. దాని క్షితిజ సమాంతర అంశం 100 కొసైన్ 30, అంటే 86.6. ప్రభ ఒరగకూడదంటే ఎడమ తాడు క్షితిజ సమాంతర అంశం కూడా అంతే ఉండాలి. కొసైన్ 60 విలువ 0.5 కనుక ఎడమవైపు వారు 173.2 ప్రమాణాల బలంతో లాగాలి. మొదలుకు దగ్గరగా నిలిచి లాగేవారికి శ్రమ ఎందుకు ఎక్కువో ఈ లెక్క చెబుతుంది.

అడ్డంగా లాగే అంశాలు పరస్పరం రద్దయ్యాయి. కిందికి లాగే అంశాలు 50, 150 కలిసి 200 ప్రమాణాలై బండిపై భారంగా పడతాయి. తాళ్ల బలాలను నేరుగా కూడితే 273.2 వస్తుంది, ఫలిత సదిశ మాత్రం 200. తాళ్లు నాలుగైనా పదైనా పద్ధతి ఇదే. అడ్డానికి ఒక పద్దు, నిలువుకు ఒక పద్దు రాసి, ఎదురు దిశలను జమాఖర్చుల వలె తీసివేస్తే సరిపోతుంది. సమాంతర చతుర్భుజ నియమంతోనైతే జంట జంటగా మళ్లీ మళ్లీ కూడవలసి వస్తుంది.

వాటా కాదు, నీడ

సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు బిగిసిన తాడు చదునైన నేలపై పరిచే నీడ పొడవు, తాడు పొడవును కొసైన్‌తో గుణించినంత ఉంటుంది. బలానికి క్షితిజ సమాంతర అంశం కూడా ఇదే నిష్పత్తిలో ఉంటుంది. కనుక 'అంశం' అనే పదాన్ని వాటాగా కాక, అక్షంపై పడిన నీడగా పరిచయం చేయడం శాస్త్రానికి దగ్గరైన మార్గం. ఒకే వస్తువుకు నేలపై ఒక నీడ, గోడపై ఒక నీడ పడితే, ఆ రెండు పొడవుల మొత్తం వస్తువు పొడవుకు సమానం కావాలని ఎవరూ ఆశించరు.

'సైన్' అనే పదం చరిత్రలోనూ తాడే ఉంది. ఆర్యభటుని కాలంనాటి 'జ్యా' అంటే అల్లెతాడు. అది అరబిక్‌లో 'జీబా'గా మారి, 'జైబ్'గా చదవబడి, లాటిన్‌లో 'సైనస్'గా అనువాదమై, ఆంగ్లం ద్వారా 'సైన్'గా తిరిగివచ్చింది. పాఠ్యగ్రంథం ఈ చరిత్రను రెండు వాక్యాల్లో చెప్పినా ఆ పదంపై ఉన్న పరాయితనం కొంత తొలగుతుంది.

ముగింపు

స్థిరపడిన పరిభాషను రద్దుచేయాలన్నది ఈ పరిశీలన సారాంశం కాదు. పరీక్షలకు, గ్రంథాల ఏకరూపతకు ఆ పదాలు అవసరం. కానీ పదానికి ఉన్న లోకవ్యవహారార్థం శాస్త్రార్థాన్ని ఎక్కడ అడ్డగిస్తున్నదో గ్రంథకర్త ముందే గుర్తించి చెప్పాలి. వర్షంలో గొడుగు, నదిలో పడవ వంటి వాడుకలోని ఉదాహరణల పక్కన ప్రభ తాడుకు చోటిస్తే, పల్నాటి విద్యార్థి తాను ఏటా చూసే దృశ్యంలోనే త్రికోణమితిని గుర్తుపడతాడు. భాష శాస్త్రానికి పేర్లు పెట్టడంతో ఆగక, దాన్ని వివరించే స్థాయికి చేరవలసింది ఇక్కడే.