తప్పిపోయిన తెగ కాదు

1905 వేసవిలో న్యూయార్క్ సముద్రతీరం కోనీ ఐలాండ్‌లోని లూనా పార్కులో రంగుల దీపాలతో పాటు మనుషులనూ టికెట్టు పెట్టి చూపించారు. వాళ్లు ఫిలిప్పీన్స్ కొండవాలుల్లో మడులు కట్టి వరి పండించే బొంతోక్ ఇగోరోట్లు, సుమారు యాభై మంది. తీసుకొచ్చింది ట్రూమన్ హంట్. వాళ్ల ప్రాంతంలోనే అధికారిగా పనిచేసిన అమెరికన్ డాక్టరు.

ఆ కథను క్లేర్ ప్రెంటిస్ 2014లో ‘ది లాస్ట్ ట్రైబ్ ఆఫ్ కోనీ ఐలాండ్’ పుస్తకంగా రాశారు. ఈ పుస్తకం బలం ఒక్క సంగతిలో ఉంది. ఇగోరోట్లు కుక్క మాంసం తినేది కొన్ని ఆచార సందర్భాల్లోనే. పార్కులో దాన్ని రోజువారీ ఆట చేశారు. జనం చూసి “అడవి మనుషులు” అన్నారు. అంటే ఆ ‘అడవితనం’ కొండల నుంచి రాలేదు, టికెట్ల కోసం అక్కడే తయారైంది.

హంట్ వాళ్ల జీతాలు ఎగ్గొట్టాడు, చేతివస్తువులు అమ్ముకున్న డబ్బూ లాక్కున్నాడు. 1906లో మెంఫిస్ కోర్టులో ఇగోరోట్లు అతనికి ఎదురుగా సాక్ష్యం చెప్పారు. జ్యూరీ అతన్ని దోషి అంది.

అందుకే నా అభ్యంతరం పేరు మీద. వాళ్లు తప్పిపోలేదు. ఊరెక్కడో, తమకు రావాల్సింది ఎంతో వాళ్లకు తెలుసు. పార్కు బోర్డు చేసిన పనే ఈ పేరూ చేస్తోంది. పైగా హంట్‌ను వెంటాడే కథకే పుస్తకంలో చాలా చోటు పోయింది.

అయినా చదవాలి. మన థింసాను వేదిక ఎక్కించేటప్పుడు కూడా అడగాలి: ఎప్పుడు ఆడాలో చెప్పేది ఎవరు? డబ్బు చేరేది ఎవరికి?