అర్థం కాని భాష ఎవరిది?

వేముల ఎల్లయ్య 'కక్క' నవల 2000లో వచ్చింది. నల్లగొండ మాదిగవాడ మాటతో రాసిన నవల. దాని గురించి చదువుకున్నోళ్ల నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: "భాష అర్థం కాదండీ, వెనక అర్థాలిస్తే బాగుండేది." ఈ మాట అన్నోళ్లే ప్రబంధాలను టీకా తాత్పర్యాలు పెట్టుకొని ఏళ్ల తరబడి చదివారు. అక్కడ అర్థం కాకపోతే తమ చదువు చాలలేదనుకుంటారు. ఇక్కడ అర్థం కాకపోతే రచయితకు రాయడం రాదంటారు.

నేను బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటోణ్ణి. ఆరె, రంపె, లంద - ఇవి మాకు ఇంట్లో పనిముట్లు, బళ్లో సిగ్గు. వాడమాట అచ్చులో, కథ నడిపించే చోట కూర్చోవడం 'కక్క'లో చూసిన. పుస్తకమంటే పరాయి సొమ్మనే భయం అక్కడ పోయింది.

మా మీద జాలితో రాసిన పుస్తకాలకు ఈ ఫిర్యాదు రాలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922)ని తెల్ల ప్రభుత్వం నిషేధించింది. ఆ సాహసాన్ని నేను కాదనను. కానీ రామదాసు ఓర్పు పై కులాల పాఠకుడికి హాయినిస్తుంది, సంగదాసు చావు కన్నీళ్లు తెప్పిస్తుంది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మావాళ్లు కన్నీళ్లు అడగలేదు, లెక్క అడిగారు. 'చిక్కనవుతున్న పాట' (1995) కవుల గొంతు అదే. లెక్క అడగ్గానే శిల్పం తక్కువైందన్నారు.

మనోళ్ల చదువు సంగతీ మాట్లాడాలె. వై.బి. సత్యనారాయణ ఇంగ్లీషులో రాసిన 'మై ఫాదర్ బాలయ్య' (2011)ను పి. సత్యవతి 'మా నాయన బాలయ్య'గా తెలుగు చేశారు. రైల్వేలో చిన్న ఉద్యోగం చేస్తూ బాలయ్య పిల్లల్ని చదివించిన తీరు గొప్పది. మన విద్యార్థులు దాన్ని ఉద్యోగం సంపాదించే ధైర్యం కోసం చదువుతున్నారు. మంచిదే. కానీ ఆయన పూర్వీకుడికి నిజాం ఇచ్చిన 50 ఎకరాల్లో దొర 2 ఎకరాలే దక్కనిచ్చాడు. ఆ పేజీ దగ్గర ఎవరూ ఆగరేం? మిగిలిన 48 ఎకరాలు చేతిలో ఉంటే ఆ ఇంటి తరాలు అంత కష్టపడాల్నా? అది ఒక్క కుటుంబం గెలుపు కథే కాదు, గుంజుకున్న భూమి కథ కూడా.

గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' (2003) దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒక్కచోట చేర్చింది. మనలో చాలామంది మగోళ్లు దాన్ని ఆడోళ్ల పుస్తకమని పక్కన పెడతారు. అగ్రవర్ణ విమర్శకుడు మనకు చేసేదే మనం మన అక్కచెల్లెళ్లకు చేస్తే ఎట్లా?

ఆవిష్కరణ సభల్లో శాలువాలు కప్పుకోవడం చాలా అయింది. హాస్టళ్లలో పదిమంది కూర్చొని బయటికి చదవండి. తెలియని మాట తగిలితే వాడలో పెద్దోళ్లనడగండి. నచ్చకపోతే రచయితతోనే కొట్లాడండి. మన పుస్తకాలకు పొగడ్త కన్నా ఆ కొట్లాటే ఎక్కువ అవసరం.