సూది పట్టిన చెయ్యి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు లేనివాళ్లకూ కిడ్నీలు దెబ్బతింటున్నాయి. పలాస, సోంపేట, కవిటి డయాలసిస్ కేంద్రాల్లో వాళ్లను నిలబెడుతున్న టెక్నీషియన్ల పనితనం గురించి మాట్లాడుకునేది తక్కువ.

రోగి రాగానే ముందు తూకం. కిందటిసారి కంటే పెరిగిన బరువు దాదాపు ఒంట్లో చేరిన నీరే. "నీళ్లెక్కువ తాగేసినావేటి మావా?" అని పలకరిస్తూనే, డాక్టరు రాసిన బరువుతో పోల్చి ఎంత నీరు తీయాలో లెక్క కడతారు. తొందరపడి ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి.

తరవాత చేతిలో ధమనిని సిరతో కలిపి చేసిన ఫిస్టులా మీద వేళ్లు ఆనించి లోపలి అదురు చూస్తారు. అది అందితేనే సూదులు. రెండు గుచ్చాలి, చోటు మారుస్తుండాలి. పదేపదే అక్కడక్కడే గుచ్చితే నరం ఉబ్బి బలహీనపడుతుంది.

నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు, అంటే ఒక్క విడతకే రక్తాన్ని శుభ్రం చేసే ద్రావణం 120 లీటర్లు. ఆ ద్రావణంలో కలిపే నీటి శుద్ధిలో తేడా వస్తే ముప్పు నేరుగా రక్తానికే. అందుకే మిషన్ మీద, మనిషి మీద ఒక కన్నేసే ఉంచుతారు. వారానికి రెండు మూడుసార్లు సూదులు పడే ఫిస్టులా ఏళ్ల తరబడి నిలిచిందంటే, అందులో ఈ చేతుల వాటా పెద్దది.