చిల్లర పనుల చదువు

అమీర్‌పేటలో ఒకప్పుడు మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా ‘ఒరాకిల్ డీబీఏ’ బోర్డులే. ఇప్పుడా జాగాలో క్లౌడ్, డేటా ఇంజినీరింగ్, ఏఐ. బీటెక్ ముగించిన మా అక్క కొడుకు మొన్న అడిగాడు: “మామయ్యా, ఇంకా డేటాబేస్ నేర్చుకుంటే ఉద్యోగాలుంటాయా?” ఉంటాయన్నాను. కాకపోతే నేనెక్కిన మెట్లు నీకుండవురా అని కూడా అన్నాను. వాడికి అర్థమైందో లేదో గానీ, ఆ రెండో మాట నన్నే వదలడం లేదు.

మేం డీబీఏలుగా, అంటే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లుగా చేరిన కొత్తలో రాత్రి షిఫ్టంటే అలర్ట్ లాగ్‌కి కాపలా. టేబుల్‌స్పేస్ నిండితే డేటాఫైల్ కలపడం, బ్యాకప్ అయిందో లేదో చూసి ఎక్సెల్‌లో టిక్కు పెట్టడం. సీనియర్లు ముట్టని చిల్లర పనులు. ఏ తెల్లవారుజామునో ఓఆర్‌ఏ-01555, ‘స్నాప్‌షాట్ టూ ఓల్డ్’ అని వచ్చి నెలాఖరు రిపోర్టు ఆగిపోయేది. ఎందుకంటే, గంటల తరబడి నడిచే క్వెరీకి తాను మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే కనబడాలి. మధ్యలో ఎవరైనా మారిస్తే పాత విలువ రోల్‌బ్యాక్ సెగ్మెంట్‌లోకి వెళ్తుంది. ఆ చోటు చాలకపోతే కొత్త మార్పులొచ్చి దాన్ని చెరిపేస్తాయి. క్వెరీ వెతుక్కుంటూ వచ్చేసరికి అక్కడ పాత విలువ ఉండదు. సెగ్మెంట్లు ఎన్నుండాలి, ఒక్కోటి ఎంతుండాలి అని కాగితం మీద లెక్కలేసినవాడికి రీడ్ కన్సిస్టెన్సీ గురించి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

2001లో వచ్చిన ఒరాకిల్ 9ఐ ఆ లెక్క తానే చూసుకుంటానంది. 10జీ వచ్చాక డిస్కుల సర్దుబాటూ, సిస్టమ్ ఎందుకు నెమ్మదించిందో చెప్పడమూ దాని పనే అయ్యాయి. 2009లో అమెజాన్ ఆర్‌డీఎస్ వచ్చి ఇన్‌స్టాలేషన్, ప్యాచ్‌లు, బ్యాకప్ పట్టుకుపోయింది. 2018కల్లా ఒరాకిల్ ‘అటానమస్’ అని పేరు పెట్టి మరీ అమ్మింది. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ ఇక డీబీఏల పని సరి అన్నారు. నాతోటివాళ్ళు చాలామంది ఆర్కిటెక్టులనో, డేటా ఇంజినీర్లనో పేరు మార్చుకుని బాగానే ఉన్నారు. మేం నేర్చుకున్న ఆ చిల్లర పనులే పోయాయి కాబట్టి, దెబ్బంతా కొత్తగా వచ్చేవాళ్ళకే.

అలాగని అన్నీ మెషీన్‌కి వదిలేస్తే నడిచిపోతుందా? 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెప్లికా (నకలు సర్వర్) అనుకుని ప్రైమరీ సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తుడిచేశాడు. తేరుకుని ఆపేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ చూద్దామంటే లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే పీజీడంప్ 9.2. వెర్షన్లు పొసగక రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్ళూ ఎవరికీ చేరడం లేదు. చివరికి దాదాపు ఆరు గంటల ముందు స్టేజింగ్ (పరీక్షల సర్వర్) కోసం తీసిన స్నాప్‌షాట్ ఆదుకుంది. ఇదంతా ఆ కంపెనీయే దాచకుండా బయటపెట్టింది, అందుకు మెచ్చుకోవాలి. రోజూ ఫైలు సైజు చూసి టిక్కు పెట్టే కుర్రాడొకడు అక్కడుంటే ఆ లోపం మొదటివారంలోనే దొరికిపోయేదని నాకనిపిస్తుంది.

ఏఐ రాసే ఎస్‌క్యూఎల్ సంగతీ ఇంతే. మావాడు ఒక రోజు బిల్లులు కావాలని అడిగితే చక్కగా రాసిచ్చింది. జవాబూ సరైనదే. కానీ బిల్లు తేదీ కాలమ్‌కి ట్రంక్ ఫంక్షన్ తొడిగింది. అలా తొడిగితే ఆ కాలమ్ మీద మామూలు ఇండెక్స్ ఉన్నా లేనట్టే, టేబుల్ మొత్తం చదవాల్సిందే. వెయ్యి వరసల్లో ఎవరికీ తెలియదు, కోట్ల వరసల్లో సర్వర్ మూలుగుతుంది. ‘ఆ రోజు నుంచి మర్నాటి లోపు’ అని రాస్తే సరిపోయేది. ఎగ్జిక్యూషన్ ప్లాన్ తెరిచి చూపించేదాకా వాడు నమ్మలేదు.

అందుకే వాడికి కోర్సేదీ చెప్పలేదు. ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ వేసుకో, పైసా ఖర్చు లేదు, కోటి వరసలు నింపు, బ్యాకప్ తియ్యి, డేటాబేస్ డ్రాప్ చేసి మళ్ళీ నిలబెట్టు అన్నాను. ఇంట్లో అది చేసినా ఇంటర్వ్యూలో ఐదేళ్ళ అనుభవం ఉందా అనే అడుగుతారు. ఫ్రెషర్లు వద్దనే కంపెనీలన్నీ ఆ ఐదేళ్ళు ఇంకెవరో నేర్పి పంపిస్తారనుకుంటున్నాయి. క్లౌడ్ బిల్లుకి నెలనెలా లక్షలు కట్టేవాళ్ళకి ఒక టెస్ట్ సర్వర్ పక్కనబెట్టి, నెలకోసారి రీస్టోర్ బాధ్యత కొత్త కుర్రాడికో అమ్మాయికో అప్పగించడం భారమా?