ఆమె ప్రయాణం అతనికిచ్చారు

'ఎక్స్‌మెన్: డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' (2014) సినిమాని అందరూ వుల్వరిన్ కథగానే గుర్తుపెట్టుకుంటారు. మొదట అది అతని కథ కాదు. 1981లో క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ చేసిన బొమ్మల కథలో గతంలోకి వెళ్ళింది కిట్టీ ప్రైడ్. బిడ్డల్ని పోగొట్టుకుని, నిర్బంధ శిబిరంలో బతుకుతున్న స్త్రీ మనసు పదమూడేళ్ళనాటి తన దేహంలోకే తిరిగొస్తుంది. ఆమెను పంపింది రేచల్ అనే మరో స్త్రీ. రాబోయే ఘోరాన్ని ఒక చిన్నపిల్ల చెబితే పెద్దవాళ్ళు నమ్మాల్సి రావడమే ఆ కథకు బలం.

సినిమాలో 2023 నుంచి 1973కి వెళ్ళేది వుల్వరిన్. అంత వెనక్కి వెళితే మామూలు మనసు చిట్లిపోతుందనీ, గాయాలు మాన్పుకోగలిగే అతనొక్కడే తట్టుకుంటాడనీ కారణం చెప్పారు. పైగా 1973 నాటికి కిట్టీ పుట్టనే లేదు. అయితే ఆ సంవత్సరాన్ని ఎంచుకున్నదీ ఈ సినిమా తీసినవాళ్ళే! కిట్టీకి ఇతరుల్ని గతంలోకి పంపే కొత్త శక్తినిచ్చి, సినిమా పొడుగునా అతని తల పట్టుకుని కూర్చోబెట్టారు. అతని గోళ్ళు దిగి నెత్తురు కారుతున్నా ఆమె కదలకూడదు. 2015లో విడుదలైన 'రోగ్ కట్'లో ఆమెకు విశ్రాంతి దొరికింది. కానీ ఆ చోట కూర్చున్నది కూడా మరో స్త్రీయే.

బాపట్ల, రేపల్లెల నుంచి తెనాలికి రైల్లో వచ్చి చదువుకునే అమ్మాయిలతో కలిసి ఈ సినిమా చూశాను. "పని చేసేది ఆమె, పేరు అతనిదా మేడం?" అని అడిగిందొకమ్మాయి. పొలంలోనూ ఇంట్లోనూ రోజూ చూస్తున్నదే ఆమెకు తెరమీదా కనిపించింది.

సాహసమంతా ఆడవాళ్ళ మీద నడిపితే ప్రేక్షకులు ఒప్పుకోరన్నది సినిమా వ్యాపారం ఎప్పుడూ చెప్పే మాట. తెనాలివాడైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నిర్మించిన 'మాయాబజార్' (1957) చూసినవాళ్ళకు ఆ మాట నిలవదని తెలుసు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి నటించింది గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి. ఆమె చూపులో, నడకలో రాక్షస వీరుణ్ణి చూసి మన అమ్మమ్మలూ తాతయ్యలూ ఆనందించారు. ఎవరికీ అభ్యంతరం తోచలేదు.

రూపాలు మార్చగల మిస్టిక్ విషయంలో సినిమా కాస్త నయం. తనవాళ్ళని చంపి, వాళ్ళ దేహాలని కోసి పరీక్షించిన ట్రాస్క్‌ని ఆమె చంపాలనుకుంటుంది. ఆమె కోపానికి రాజకీయ కారణముంది. కానీ ఛార్లెస్‌కి ఆమెను ఆపాలి, మాగ్నెటోకి ఆమెను తుడిచిపెట్టాలి. ఆమె బాధేమిటో వినే తీరిక ఇద్దరికీ లేదు. చివరికి ఛార్లెస్, ఇన్నేళ్ళూ ఆమెను అదుపు చేయాలనే చూశానని ఒప్పుకుని, నిర్ణయం ఆమెకే వదిలేస్తాడు. ఆమె తుపాకీ దించుతుంది. ఈ సినిమాలో నాకు నచ్చిన ఘట్టమిదే. అయినా ఆమె స్వేచ్ఛ అతని మంచితనంగా మిగిలిపోవడం మాత్రం మింగుడుపడదు.

సినిమా బిగువుగా ఉంది, చూడొచ్చు. చూసిన పిల్లలకు పాత బొమ్మల కథ కూడా చదవమని చెప్పాలి. ఆ ప్రయాణం ముందు ఒక ఆడపిల్లదని వాళ్ళకు తెలియాలి.